అపోహలు - వాస్తవాలు: మీటరు పరిగెత్తదు, నీళ్లే పోతుంటాయి

ఈ నెలలో ఇది నాలుగో ఫోను. "కొత్త మీటర్లు పెట్టినప్పట్నుంచి మా నీళ్ల బిల్లు రెట్టింపైంది, వచ్చి తీసేయండి సార్." కర్నూల్లో అపార్ట్‌మెంట్లకు స్మార్ట్ వాటర్ మీటర్లు, అంటే ఎన్ని నీళ్లు వాడామో ఫోన్లో చూపించే మీటర్లు, బిగించే పని నాది. బిల్లు చూసి భయపడేవాళ్లను నేను తప్పుపట్టను. ఎండాకాలంలో ట్యాంకర్లు తెప్పించుకునే ఇంట్లో ప్రతి బిందెకూ లెక్క ఉంటుంది. నాకు కోపమొచ్చేది వాట్సాప్ గ్రూపుల్లో "కావాలనే స్పీడుగా తిరిగేట్టు సెట్ చేస్తారంట" అని ఏమీ తెలియకుండా రాసేవాళ్ల మీద. అది నమ్మినవాళ్లు మీటరుతో కొట్లాడుతూ కూర్చుంటారు, లీకు మాత్రం కారుతూనే ఉంటుంది.

అపోహ: కొత్త మీటరు ఎక్కువ చూపిస్తుంది.

వాస్తవం: పాతదే తక్కువ చూపిస్తూ వచ్చింది. పాత రకం మీటర్లో నీటి తోపుడుకు చిన్న చక్రం తిరగాలి. ఏళ్లు గడిచేకొద్దీ అది అరుగుతుంది, సున్నం పేరుకుంటుంది. సన్నటి ధార దాన్ని కదపలేదు. నీళ్లు జారిపోతాయి, అంకె మారదు. మేం పెట్టే కొత్త అల్ట్రాసోనిక్ మీటర్లో తిరిగే చక్రమే లేదు. శబ్ద తరంగం నీటి వాలున పోవడానికి ఎంతసేపు పట్టింది, ఎదురు రావడానికి ఎంతసేపు పట్టింది అన్న తేడాతో లెక్క కడుతుంది. అందుకే సన్న లీకు కూడా దానికి దొరుకుతుంది. అసలు మీటరే లేని అపార్ట్‌మెంట్లలోనైతే మెయింటెనెన్స్ అందరికీ సమానం. ఒక ఫ్లాటు లీకును అందరూ కలిసి కడుతున్నట్టే, ఎవరికీ తెలియదంతే.

పోయిన వేసవిలో వెంకటరమణ కాలనీలో ఒక రిటైరైన టీచరమ్మ ఇంటికెళ్లాను. "మేముండేది ఇద్దరం నాయనా. ఇన్ని నీళ్లు యాడికి బోతాయి? నీ మీటరు గుర్రం మాదిరి పరిగెత్తాంది" అన్నారు. నేను వాదించలేదు. ఖాళీ మినరల్ వాటర్ క్యాను, 20 లీటర్లది, తెమ్మన్నాను. బాత్రూముల లైను మీటరు అంకె ఆవిడ చేతే రాయించి, కుళాయి కింద క్యాను పెట్టి మెడదాకా పట్టాం. రెండు నిమిషాలు పట్టింది. మీటర్లో ఇరవైన్నర పెరిగింది.

"సూడు, అర లీటరు ఎక్కువ!" అన్నారు. ఆ అర లీటరే కదా నేను వెతుకుతున్నది. ఫోన్లో రాత్రి గ్రాఫు, అంటే రాత్రిపూట గంట గంటకూ మీటరు గుండా ఎన్ని నీళ్లు పోయాయో చూపించే గీత, తెరిచాను. 2 నుంచి 4 గంటల మధ్య గీత సున్నాకు దిగలేదు, గంటకు 14 లీటర్ల దగ్గర తిన్నగా ఉంది. రెండు నిమిషాలకు లెక్కేస్తే దాదాపు అర లీటరు. కొడుకు బెంగళూరు పోయినప్పట్నుంచీ తాళం వేసున్న గది తీయించి, ఆ బాత్రూం ఫ్లష్ ట్యాంకులో నీలిమందు నాలుగు చుక్కలు వేశాను. ఫ్లష్ నొక్కలేదు. ఇరవై నిమిషాలకు కింద కమోడ్లో నీళ్లు నీలంగా అయ్యాయి. "సప్పుడే లేదు కదప్పా" అని ఆమె అట్లే నిలబడి చూశారు.

గంటకు 14 అంటే రోజుకు 336 లీటర్లు. నెలకు పదివేలు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ప్రమాణంగా పెట్టుకుంటారు. ఇద్దరికీ కలిపి 270. తాళం వేసిన గదిలో ఒక్క ఫ్లష్ ట్యాంకు అంతకంటే ఎక్కువ మింగింది. మార్చింది ఒక రబ్బరు వాషరు.

2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోతే ఊరంతా అయ్యో అన్నాం. మనం తాగేది ఆ నదినే కాబట్టి. అదే బాధ ఇంట్లో పోయే నీటి మీద కూడా ఉండాలని నా తపన.

"తడి ఎక్కడా లేదు, కాబట్టి లీకు లేదు" అనేది మీటరు మీద అపోహకు తోబుట్టువు. నేను పని మొదలుపెట్టిన కొత్తలో ఒకాయన ఇదే మాట గట్టిగా అంటే నమ్మి మీటరు మార్చాను. రెండోదీ అదే చూపించింది. రెండు నెలల తర్వాత గచ్చు కింద పైపు జాయింటు విడిపోయిందని బయటపడింది. నీళ్లు నేలలోకి దిగిపోయాయి, పైకి చెమ్మ కూడా రాలేదు. ఆ రెండు నెలల నీళ్లు గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అందుకే ఇప్పుడు మీటరు ముట్టుకోకముందే రాత్రి గ్రాఫు చూస్తాను. స్మార్ట్ మీటరు లేనివాళ్లు పడుకునే ముందు అంకె రాసుకొని, తెల్లారి కుళాయి తిప్పకముందే మళ్లీ చూడండి. ఆర్వో ఫిల్టరు కూడా ఆపాలి. దాని వాల్వు చెడితే వృథా నీరు రాత్రంతా పోతూనే ఉంటుంది.

గాలికి మీటరు తిరుగుతుందా? పాత చక్రం మీటరైతే నిజమే, తిరుగుతుంది. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే లైన్లలో మొదట వచ్చేది గాలే. ఆ గాలిని బయటికి వదిలే ఎయిర్ వాల్వు పెట్టించుకోండి. అంతేగానీ రోజంతా ఆగకుండా నడిచే రీడింగుకు గాలి కారణం కాదు.

స్మార్ట్ మీటరు నుంచి రేడియేషన్ వస్తుందని భయపడతారు. ఆ మీటరు రోజుకు కొన్నిసార్లు, క్షణంపాటు మాత్రమే సిగ్నల్ పంపి నిద్రపోతుంది. అందుకే ఆ చిన్న బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తుంది.

లీకు ఎక్కడుందో మీటరే చూపిస్తుందనుకుంటారు, చూపించదు. ఉందని చెబుతుంది. కుళాయికి, ఫ్లష్ ట్యాంకుకు వెళ్లే నీటిని ఆపే చిన్న వాల్వులు (యాంగిల్ కాక్‌లు) ఒక్కొక్కటే కట్టేస్తూ ఏది కట్టినప్పుడు అంకె ఆగిందో మనమే పట్టుకోవాలి.

సొంతిళ్లవాళ్లకు ఒక మాట. మీ మీటరు సంపుకు ముందు ఉంటుంది. సంపులోకి ఎంత వచ్చిందో దానికి తెలుసు, సంపు గోడ పగిలి ఎంత పోతోందో తెలియదు. రాత్రి వాల్వు కట్టి, మోటారు వేయకుండా, నీటి మట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీయండి. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పున్న సంపులో తెల్లారేసరికి అంగుళం తగ్గిందంటే 140 లీటర్లు భూమిలోకి పోయినట్టు. అప్పుడు పిలవాల్సింది నన్ను కాదు, సంపుకు వాటర్‌ప్రూఫ్ పూత వేసే మేస్త్రీని.