హెచ్‌ఎస్‌ఏ కార్డు నాన్న ఆపరేషన్‌కు పనికొస్తుందా? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లకు టాక్స్ ఫైలింగ్ చేసిపెట్టడం నా పని. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఎంచుకునే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ రోజులొస్తే చాలు, "అన్నా, హై డిడక్టబుల్ ప్లాన్ తీసుకోమంటారా?" అని ఫోన్లు మొదలవుతాయి. డిడక్టబుల్ అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యేలోపు ఏడాదిలో మన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తం. అది ఎక్కువగా ఉండే ప్లాన్ తీసుకున్నవాళ్లే హెచ్‌ఎస్‌ఏలో, అంటే వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే హెల్త్ సేవింగ్స్ అకౌంట్‌లో డబ్బు వేసుకోవచ్చు. ఆ ఫోన్లలో నేను పదే పదే వినే అపోహలివి.

అపోహ: డిసెంబర్ 31లోపు వాడకపోతే డబ్బు పోతుంది.

వాస్తవం: పోదు. ఆ భయం ఎఫ్‌ఎస్‌ఏకు (ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ అకౌంట్), అంటే కంపెనీ ద్వారా వైద్య ఖర్చులకు డబ్బు పక్కన పెట్టుకునే వేరే ఖాతాకు. హెచ్‌ఎస్‌ఏ మీ సొంత ఖాతా. ఉద్యోగం మారినా, లేఆఫ్ వచ్చినా మీ వెంటే ఉంటుంది.

అపోహ: హై డిడక్టబుల్ ప్లాన్‌లో ప్రతిదీ జేబులోంచే కట్టుకోవాలి.

వాస్తవం: ఏడాదికోసారి చేయించుకునే చెకప్, పిల్లల టీకాలు ఇన్సూరెన్స్ కంపెనీ జాబితాలో ఉన్న నెట్‌వర్క్ డాక్టర్ దగ్గర ఉచితమే. మిగతా ఖర్చు డిడక్టబుల్ దాకా మీదే. 2026లో కుటుంబమంతటికీ తీసుకునే కంపెనీ ప్లాన్‌లో అది కనీసం 3,400 డాలర్లు ఉండాలి. ఖాతాలో 8,750 డాలర్ల దాకా వేసుకోవచ్చు, కంపెనీ వేసేదీ అందులోనే లెక్క. జీతంలోంచే కట్ చేయిస్తే ఫెడరల్ టాక్స్‌తో పాటు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలూ తగ్గుతాయి. కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో మాత్రం స్టేట్ టాక్స్ తప్పదు. డిడక్టబుల్‌కు సరిపడా డబ్బు చేతిలో లేని వాళ్లకు నేనైతే ఈ ప్లాన్ వద్దనే చెబుతాను.

అపోహ: అమ్మానాన్నల వైద్యానికి వాడుకోవచ్చు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. గుంటూరులో నాన్నగారికి కంటి శుక్లాల ఆపరేషన్ చేయించి, ఆ 900 డాలర్లు హెచ్‌ఎస్‌ఏ నుంచి తీసుకున్న ఒక తమ్ముడు బిల్లు పట్టుకొచ్చాడు. కంటి లెన్సు స్టిక్కర్‌తో సహా అన్నీ పద్ధతిగా ఉన్నాయి. ఆ 900 మీద మామూలు పన్ను, పైన 20 శాతం పెనాల్టీ, అంటే ఇంకో 180 డాలర్లు కట్టాలని చెప్పాల్సి వచ్చింది. "నాన్నకు కాకపోతే ఇంకెవరికి వాడతానన్నా?" అన్నాడు. ఈ డబ్బు మీకు, భార్య లేదా భర్తకు, టాక్స్ లెక్కల్లో డిపెండెంట్లయిన వాళ్లకే వాడాలి. ఇండియాలోనే ఉండే, అమెరికా పౌరులు కాని తల్లిదండ్రులు ఆ లెక్కలోకి రారు, నెలనెలా పోషిస్తున్నది మనమే అయినా సరే. వాళ్లు ఇక్కడికొచ్చినప్పుడు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్ ప్రీమియానికీ వాడకూడదు.

మీరు సెలవుల్లో వెళ్లి విజయవాడలో రూట్ కెనాల్ చేయించుకుంటే మాత్రం నిక్షేపంగా వాడుకోవచ్చు. బిల్లు మీద పేషెంటు పేరు, తేదీ, చేసిన చికిత్స, కట్టిన మొత్తం ఉండేలా చూసుకోండి. అక్కడ కొని సూట్‌కేసులో తెచ్చుకునే మందులు మాత్రం చెల్లవు.

అపోహ: మా ఆవిడ కంపెనీలో ఎఫ్‌ఎస్‌ఏ ఉంటే నాకేం సంబంధం?

వాస్తవం: ఉంది. మామూలు ఎఫ్‌ఎస్‌ఏ భర్త ఖర్చులకూ వర్తిస్తుంది కాబట్టి, అది ఉన్నన్నాళ్లూ మీరు హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేయకూడదు. పళ్లకు, కళ్లకు మాత్రమే పనికొచ్చే లిమిటెడ్ పర్పస్ ఎఫ్‌ఎస్‌ఏ అయితే ఇబ్బంది లేదు.

అపోహ: ఖర్చయిన ఏడాదిలోనే డబ్బు తీసుకోవాలి.

వాస్తవం: గడువేమీ లేదు. రసీదు ఉంటే పదేళ్ల తర్వాతైనా తీసుకోవచ్చు. వైద్యం మాత్రం ఖాతా తెరిచాక జరిగి ఉండాలి. అందుకే ప్లాన్ మొదలైన వారంలోనే కొంచెమైనా వేసి ఖాతా తెరిచేయండి. కాగితం మీద సిరా వెలిసిపోతుంది, రసీదు వచ్చిన రోజే ఫోటో తీసిపెట్టుకోండి.