మియాటాకు ఏ ప్లగ్గు కొనాలి?

1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మజ్దా సంస్థ ఒక చిన్న రెండు సీట్ల కారును ప్రదర్శనకు పెట్టింది. దాని పేరు ఎంఎక్స్-5 మియాటా. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడైనది ఇదేనని 2000లో గిన్నిస్ గుర్తించింది. 2016 ఏప్రిల్‌లో పదిలక్షలవ కారు కర్మాగారం నుంచి బయటికొచ్చింది. దీన్ని మన దేశంలో ఎన్నడూ అమ్మలేదు. అమెరికాలో మాత్రం, సొంతంగా పానా పట్టుకుని కారు పని నేర్చుకోవాలనుకునేవారు మొదట వెతికేది ఈ కారు తొలి తరాన్నే. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లల్లో కూడా ఆ సరదా ఉన్నవారికి నేను చెప్పే సలహా అదే. బానెట్ ఎత్తగానే ఇంజిన్ మొత్తం కళ్ల ముందుంటుంది. పెట్రోలును అంటించే నిప్పురవ్వను పుట్టించే స్పార్క్ ప్లగ్గులు ఇంజిన్ నడినెత్తిన నాలుగు గుంతల్లో నిలువుగా కూర్చుంటాయి. వాటిని తీయడానికి వేరే ఏ భాగాన్నీ విప్పక్కర్లేదు.

చిక్కంతా కొనేచోటే వస్తుంది. ఇరీడియం ప్లగ్గులు, నాలుగు కొమ్ముల ప్లగ్గులు, ప్లగ్గులకు కరెంటు పంపే అరవై వేల వోల్టుల కాయిళ్లు, వేలి లావు ఎర్రటి వైర్లు దుకాణం నిండా కనిపిస్తాయి. ప్రతి డబ్బా మీదా ‘మరింత శక్తి’ అని రాసి ఉంటుంది. మొదటిసారి ట్యూనింగ్‌కు దిగినవారు ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు. కొనేముందు ఒక చిన్న లెక్క వేసుకుంటే చాలు, ఆ మాటల్లో పస ఎంతో తేలిపోతుంది.

తొలి మియాటా ఇంజిన్ సామర్థ్యం 1,597 ఘన సెంటీమీటర్లు, సిలిండర్లు నాలుగు. అంటే ఒక్కో సిలిండర్‌లో దాదాపు 0.4 లీటర్ల గాలి పడుతుంది. దాని బరువు అర గ్రాముకు కాస్త తక్కువ. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి అనే నిష్పత్తిలో చూస్తే, అందులో కలిసే పెట్రోలు సుమారు 0.03 గ్రాములు. గ్రాము పెట్రోలులో 44 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది కాబట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఒక్క మంటలో విడుదలయ్యేది సుమారు 1,300 జౌళ్లు. మరి ప్లగ్గు దగ్గర పుట్టే నిప్పురవ్వ శక్తి ఎంత? మామూలు ఇగ్నిషన్ (రవ్వ పుట్టించే) వ్యవస్థల్లో కొన్ని పదుల మిల్లీజౌళ్లు. 50 మిల్లీజౌళ్లు అనుకున్నా, పెట్రోలు ఇచ్చే శక్తి దానికి ఇరవై వేల రెట్లకు పైనే. రవ్వ శక్తిని రెట్టింపు చేసినా చక్రాలకు అదనంగా అందేది శూన్యం. సరైన పాళ్లలో కలిసిన పెట్రోలు ఆవిరి, గాలి అంటుకోవడానికి అనుకూల పరిస్థితుల్లో ఒక మిల్లీజౌలు కూడా అక్కర్లేదు. పెద్ద అగ్గిపుల్లతో పొయ్యి వెలిగిస్తే అన్నం తొందరగా ఉడకదు కదా, ఇదీ అంతే.

అందుకే ఇగ్నిషన్ సామాను ఎంచుకునేటప్పుడు శక్తి అనే మాటను పక్కన పెట్టేయాలి. రవ్వ ప్రతిసారీ తప్పకుండా పడాలి, పడవలసిన క్షణంలోనే పడాలి. ఈ రెండూ దక్కితే చాలు. ఈ రెంటికీ పనికిరాని భాగం ఎంత ఖరీదైనదైనా నేను కొనమని చెప్పను.

రవ్వ ఎలా పుడుతుందో చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. అమెరికన్ ఇంజినీరు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఇగ్నిషన్ 1910 నాటి కాడిలాక్ కార్లలోకి వచ్చింది. ఈనాటి కార్లలో చాలావరకు నడుస్తున్నది ఆ సూత్రమే. బ్యాటరీ నుంచి 12 వోల్టుల కరెంటు కాయిల్‌లోని మొదటి చుట్టలోకి పారి, దాని చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని పెంచుతుంది. కరెంటును ఉన్నట్టుండి తెంపేస్తే ఆ క్షేత్రం కుప్పకూలుతుంది. ఆ కూలడమే వేలకొద్దీ చుట్లున్న రెండో తీగలో వోల్టేజిని ఒక్కసారిగా పైకి లేపుతుంది. ప్లగ్గు రెండు కొనల మధ్య సందులోని వాయువు తట్టుకోలేని స్థాయికి చేరగానే రవ్వ దూకుతుంది. ఆ క్షణమే వోల్టేజి పెరగడం ఆగిపోతుంది. సందు 15 వేల వోల్టులకు లొంగిపోయేదైతే, డబ్బా మీద అరవై వేలు అని రాసి ఉన్న కాయిల్ కూడా అక్కడ 15 వేలే చూపిస్తుంది. మిగతాది అవసరం పడితే వాడుకునే నిల్వ మాత్రమే.

సందు ఎన్ని వోల్టులకు లొంగుతుందో 1889లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ పాషెన్ చూపించాడు. వాయువు పీడనాన్ని సందు దూరంతో గుణిస్తే వచ్చే విలువను బట్టి అది మారుతుంది. ఇంజిన్‌లో ఉండే పీడనాల దగ్గర, ఈ రెంటిలో ఏది పెరిగినా కావలసిన వోల్టేజి పెరుగుతుంది. పాత కారు ఎత్తు ఎక్కేటప్పుడు, పెద్ద గేరులో ఉండి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు కుదుపులతో మిస్ కొట్టడానికి (మిశ్రమం అంటుకోకుండా పోవడానికి) కారణం ఇక్కడే ఉంది. అప్పుడు సిలిండర్ గాలితో నిండి, పీడనం బాగా పెరుగుతుంది. అరిగి సందు పెద్దదైన ప్లగ్గుకు మామూలు కంటే ఎక్కువ వోల్టులు కావాలి. కరెంటుకు అంత కష్టపడి ఆ సందు దూకడం కంటే, వైరు రబ్బరులోని పగుళ్ల గుండా ఇంజిన్ లోహంలోకి జారుకోవడం తేలికవుతుంది. ఖాళీగా నిలబెట్టి నడిపితే అదే కారు చక్కగా నడుస్తుంది. అందుకే నిలిపి ఉంచిన కారును చూసి ఇగ్నిషన్ బాగుందని తీర్పు చెప్పకూడదు.

మియాటాలో డిస్ట్రిబ్యూటర్ (ఒకే కాయిల్ కరెంటును ప్లగ్గులకు వంతులవారీగా పంచే భాగం) లేదు. ఇంజిన్ వెనక భాగంలో రెండు కాయిళ్లున్న ఒకే పెట్టె ఉంటుంది. ఒక కాయిల్ 1, 4 సిలిండర్లకు, ఇంకొకటి 2, 3 సిలిండర్లకు పనిచేస్తుంది. జతలోని రెండు పిస్టన్లూ కలిసే పైకి వస్తాయి. ఒకటి మిశ్రమాన్ని నొక్కుతుంటే రెండోది కాలిన పొగను బయటికి తోస్తుంటుంది. రవ్వ మాత్రం రెండుచోట్లా ఒకేసారి పడుతుంది. పొగలో పడింది వృథా అయినా, అక్కడ పీడనం తక్కువ కాబట్టి దానికి వోల్టేజి పెద్దగా ఖర్చు కాదు. రోగం పట్టుకోవడానికి ఇది మంచి ఆధారం: 1, 4 రెండూ కలిసి మిస్ కొడితే ముందుగా కాయిల్‌ను అనుమానించాలి. ఒక్క సిలిండరే కొడితే ఆ ప్లగ్గును, దాని వైరును చూడాలి.

ఈ జత ఏర్పాటులో నాకు ఎంతో ఇష్టమైన విశేషం ఒకటుంది. కాయిల్ ఒక కొస నుంచి బయలుదేరిన కరెంటు ఒక ప్లగ్గులో నడిమి ఎలక్ట్రోడు (కొన) నుంచి పక్క ఎలక్ట్రోడుకు (కొమ్ముకు) దూకి, ఇంజిన్ లోహం గుండా వెళ్లి, జత ప్లగ్గులో పక్క ఎలక్ట్రోడు నుంచి నడిమి ఎలక్ట్రోడుకు దూకి కాయిల్ రెండో కొసకు చేరుతుంది. అంటే నాలుగు ప్లగ్గుల్లో రెండు ఎప్పుడూ తలకిందుల దిశలోనే పనిచేస్తాయి. చాలాకాలం నడిచిన నాలుగు ప్లగ్గులను తీసి, తెల్ల కాగితం మీద వరసగా పేర్చి భూతద్దంతో చూడండి. రెండింటిలో నడిమి కొన అంచులు గుండ్రంగా అరిగి ఉంటాయి. తక్కిన రెండింటిలో పక్క కొమ్ము లోపలివైపు గుంట పడి ఉంటుంది.

ప్లగ్గు ఎంపికకు ఇది నేరుగా పనికొస్తుంది. మామూలు ప్లగ్గుల్లో వేడిని లాగడానికి లోపల రాగి ఉంటుంది గానీ, రవ్వ పడే కొనలు నికెల్ మిశ్రమానివి. నికెల్ 1,455 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ప్లాటినం 1,768 దగ్గర, ఇరీడియం 2,446 దగ్గర కరుగుతాయి. ఇరీడియం అంత మొండిది కాబట్టే దాని కొనను అర మిల్లీమీటరు సన్నానికి చెక్కినా నిలుస్తుంది. సన్నటి కొన దగ్గర విద్యుత్ క్షేత్రం గుమికూడుతుంది కాబట్టి కాస్త తక్కువ వోల్టేజికే రవ్వ పడుతుంది. ఇవన్నీ నిజమైన లాభాలే. అయితే కొన్ని ఇరీడియం ప్లగ్గుల్లో ఆ ఖరీదైన లోహం నడిమి కొనకే ఉంటుంది, పక్క కొమ్ము మామూలు నికెలే. తలకిందులుగా పనిచేసే ఆ రెండు సిలిండర్లలో అరిగేది ఆ కొమ్మే. దీర్ఘకాలం మన్నాలని కొనేవారు రెండు కొనలకూ విలువైన లోహం ఉన్న రకమే తీసుకోవాలి. లేదంటే మామూలు నికెల్ ప్లగ్గులు వేసి, 40 వేల కిలోమీటర్లకు అటూ ఇటూగా మార్చుకోవాలి. మొదటి ట్యూనింగ్‌కు నేను రెండో దారినే సమర్థిస్తాను. చవక ఒక కారణం. వాటిని మళ్లీ తీసి చూసే అవకాశం త్వరగా రావడం ఇంకా పెద్ద కారణం. నేర్చుకునేవారికి తీసిన ప్లగ్గే పాఠ్యపుస్తకం. ఇక నాలుగు కొమ్ముల ప్లగ్గుల్లో కూడా రవ్వ ఒకసారికి ఒక కొమ్ముకే దూకుతుంది. అరుగుదల నాలుగు కొమ్ములకూ పంచబడుతుందే తప్ప మంట పెద్దదేమీ కాదు.

ఎన్‌జీకే సంస్థ ప్లగ్గుల్లో ఈ కారుకు చెప్పిన రకం బీకేఆర్6ఈ-11. ఆ గుర్తును విప్పి చదవడం నేర్చుకుంటే దుకాణంలో ఎవరూ మోసం చేయలేరు. ‘బీ’ అంటే మర వ్యాసం 14 మిల్లీమీటర్లు. ‘కే’ అంటే 16 మిల్లీమీటర్ల సాకెట్‌తో తిప్పే తల. ‘ఆర్’ లోపల నిరోధకం ఉందని చెబుతుంది. ‘ఈ’ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. చివరి 11 అంటే సందు 1.1 మిల్లీమీటర్లు. నడుమ ఉన్న 6 ఉష్ణస్థాయి. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ప్లగ్గు కొన 450 డిగ్రీల కంటే చల్లగా ఉంటే మసి కాలిపోక పేరుకుంటుంది. 870 దాటితే రవ్వ పడకముందే మిశ్రమం దానంతటది అంటుకుని పిస్టన్‌కే చేటు. లోపలి పింగాణీ ముక్కు పొడవుగా ఉంటే వేడి బయటికి పోయే దారి పొడవై కొన వేడెక్కుతుంది, పొట్టిగా ఉంటే చల్లబడుతుంది. ఎన్‌జీకే, డెన్సో లెక్కలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది. బాష్, చాంపియన్ లెక్కలో అంకె పెరిగితే వేడిది. కంపెనీ మార్చేటప్పుడు సరిపోలిక పట్టిక చూడకుండా అంకెలు పోల్చుకుంటే కొంప మునుగుతుంది. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) బిగించినవారు 7వ స్థాయికి వెళ్లి సందు తగ్గించడం సబబే, అక్కడ పీడనం, వేడి రెండూ ఎక్కువ. మార్పులేవీ లేని కారుకు ‘రేసింగ్’ పేరుతో చల్లని ప్లగ్గు వేస్తే దక్కేది మసి.

వైర్ల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. ముప్పై ఏళ్ల మియాటాలో ఇగ్నిషన్ గొడవల్లో ఎక్కువ భాగం వీటివల్లే. వైరు లోపల కావాలనే నిరోధకం పెడతారు, మీటరుకు దాదాపు 16 కిలో ఓమ్‌లు. రవ్వ పుట్టించే రేడియో అలలు కారు కంప్యూటర్‌ను కలవరపెట్టకుండా అదే ఆపుతుంది. నిరోధకం లేని ఒట్టి రాగి వైర్లు అమ్మేవాళ్లు ‘నష్టం లేని కరెంటు’ అంటారు. వాటి జోలికి పోవద్దు. ఎన్‌జీకే నీలం వైర్ల వంటి మామూలు సెట్టు చాలు. పాతవాటిని పరీక్షించాలంటే చీకట్లో ఇంజిన్ నడిపి, కాస్త దూరంగా నిలబడి, వైర్ల మీద సన్నగా నీటి తుంపర చల్లి చూడండి. పగులున్నచోట నీలం మెరుపు కనిపిస్తుంది. ఆ సమయంలో చేత్తో మాత్రం ముట్టుకోకూడదు.

కాయిల్ పెట్టెను మంచిగా ఉన్నంతకాలం మార్చక్కర్లేదు. సర్వీసు పుస్తకంలోని నిరోధక విలువలతో మల్టీమీటరు చూపే విలువలను సరిపోల్చుకుంటే దాని సంగతి తెలుస్తుంది.

బిగించే పని ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. తల భాగం అల్యూమినియం కాబట్టి వేడిమీద మరలు చెడిపోతాయి. ప్లగ్గు విప్పేముందు గుంతలోని ఇసుక, దుమ్ము గాలితో ఊదేయాలి, లేకపోతే అవి నేరుగా సిలిండర్‌లో పడతాయి. గుంతలో నూనె కనిపిస్తే పై మూత గాస్కెట్ కారుతోందని అర్థం. దాన్ని మార్చకుండా కొత్త వైర్లు వేస్తే ఆ నూనె వాటి రబ్బరునూ తినేస్తుంది. వైర్లను ఒక్కొక్కటిగా మారిస్తే వరస తప్పే ప్రమాదం ఉండదు. కొత్త ప్లగ్గును మొదట చేత్తోనే తిప్పుతూ దింపాలి, తర్వాత టార్క్ రెంచితో 15 నుంచి 23 న్యూటన్ మీటర్ల మధ్య బిగించాలి. మరలకు గ్రీజు పూయవద్దని ఎన్‌జీకే స్వయంగా చెబుతుంది. జారుడు పెరిగితే రెంచి అంకె సరిగ్గా కనిపిస్తూనే ప్లగ్గు అతిగా బిగుసుకుంటుంది.

మన ఊళ్లలో చేతక్ స్కూటర్ నడిపిన తరానికి ప్లగ్గు తీసి గరుకు కాగితంతో రుద్దడం అలవాటు. నూనె కలిపిన పెట్రోలుతో నడిచే ఆ రెండు స్ట్రోకుల ఇంజిన్లలో మసి అంతగా పట్టేది, రుద్దడం అవసరమే. సన్నటి ఇరీడియం కొనను అలా రుద్దితే మాత్రం ప్లగ్గు పాడైనట్టే.

చివరిగా టైమింగ్, అంటే రవ్వ పడే క్షణం. 6,000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్లు తిప్పే క్రాంక్ ఇరుసు ఒక డిగ్రీ తిరగడానికి సెకనులో 36 వేలవ వంతు చాలు. మంట సిలిండర్ అంతా పాకడానికి మిల్లీసెకన్లు పడుతుంది. పిస్టన్ పైకొస చేరిన తర్వాత సుమారు 15 డిగ్రీల దగ్గర పీడనం గరిష్ఠం కావాలంటే, రవ్వ చాలా ముందే పడాలి. ఎంత ముందన్నది కంప్యూటర్ చూసుకుంటుంది గానీ, అది లెక్క మొదలుపెట్టే స్థానాన్ని మనమే సరిచూడాలి. ఇంజిన్ వేడెక్కాక, బానెట్ కింద డయాగ్నొసిస్ పెట్టెలో ‘టీఈఎన్’, ‘జీఎన్‌డీ’ గుర్తుల మధ్య చిన్న వైరు ముక్క కలిపి, 850 ఆర్‌పీఎం దగ్గర టైమింగ్ లైటుతో (రవ్వ పడినప్పుడల్లా మెరిసే లైటు) చూస్తే ఇరుసు చక్రం మీది గీత పైకొసకు 10 డిగ్రీల ముందు నిలవాలి. లైటు క్లిప్పు 1వ సిలిండర్ వైరుకు తగిలించండి. డిగ్రీలు తిప్పి చూసే రకం లైట్లను ఆ వృథా రవ్వ తికమకపెడుతుంది కాబట్టి మామూలు లైటే మేలు. కొందరు దీన్ని 14 డిగ్రీలకు జరిపి పికప్ పెంచుకుంటారు. ఇన్ని భాగాల్లో అనుభవానికి వచ్చే తేడా ఇచ్చేది ఇదొక్కటే, అదీ పైసా ఖర్చు లేకుండా. అయితే తొలి తరం మియాటాలో నాకింగ్‌ను (మిశ్రమం అదుపు తప్పి పేలినట్టు కాలడాన్ని) పసిగట్టే సెన్సర్ లేదు. 14 పెట్టుకున్నవారు నాకింగ్‌ను తట్టుకునే ఎక్కువ ఆక్టేన్ పెట్రోలే పోయించాలి. ఎండాకాలంలో ఎత్తు ఎక్కేటప్పుడు కిటికీ దించి వినాలి, లోహం మీద గోళీలు రాలినట్టు చప్పుడు వస్తే అదే రోజు మళ్లీ 10కి తెచ్చేయాలి.