కెరటం లేని చోటు ఏది? కాకినాడ అఖాతంలో చిన్న పడవలు: అపోహలు - వాస్తవాలు

కాకినాడ తీరంలో గాలం వేటకు కొత్తగా దిగేవారికి నేను చిన్న ఫైబరు పడవ నడపడం నేర్పుతుంటాను. నీళ్లంటే బెదురున్నవారు మొదట అడిగేది, కెరటాలు లేని చోటు ఎక్కడుందని. వారు ఒక ఊరి పేరో, దిబ్బ పేరో చెబుతానని ఎదురుచూస్తారు. ఈ రోజు గాలి ఎటునుంచి వీస్తోంది, నీరు పోటులో ఉందా (ఎక్కుతోందా) పాటులో ఉందా (తీస్తోందా) అని నేను తిరిగి అడుగుతాను. ఆ రెండూ తెలియకుండా ఏ చోటునూ భద్రమని చెప్పడం నాకు చేతకాదు.

అపోహ: ఒడ్డుకు దగ్గరగా ఉంటే ప్రమాదం లేదు.

వాస్తవం: కొత్తవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఈ నమ్మకమే. కెరటం ఎత్తు అక్కడి నీటి లోతులో సుమారు ముప్పావు వంతుకు చేరేసరికి అది విరుగుతుంది. అంటే మీటరు ఎత్తు కెరటం మీటరున్నర కూడా లేని లోతులో విరిగి, అడ్డం తిరిగిన చిన్న పడవను బోల్తా కొట్టించగలదు. అదే కెరటం కాస్త లోతైన నీటిలో పడవను మెల్లగా ఎత్తి దించుతుంది. గోదావరి అలివి, అంటే నది సముద్రంలో కలిసే చోటు, దగ్గర పరిస్థితి మరింత కఠినంగా ఉంటుంది. పాటు సమయంలో నది నీరు వేగంగా బయటికి పోతుండగా సముద్రపు కెరటాలు దానికి ఎదురు వచ్చి, ఇసుక మేటల మీద దగ్గరదగ్గరగా, నిటారుగా లేస్తాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ప్రవాహం మరీ బలంగా ఉంటుంది. అనుభవమున్న వేటగాళ్లే నీరు నిలకడపడేవరకు ఆగుతారు. బెదురున్నవారు అలివి దాటనే కూడదని నా గట్టి అభిప్రాయం.

అపోహ: హోప్ ఐలాండ్ వెనుక నీరు ఎప్పుడూ చెరువులా ఉంటుంది.

వాస్తవం: గోదావరి ఇసుకతో ఏర్పడిన సుమారు 16 కిలోమీటర్ల ఆ దిబ్బ తూర్పు నుంచి వచ్చే కెరటాలను చక్కగా అడ్డుకుంటుంది. అయితే అఖాతం ఉత్తరం వైపు తెరిచి ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్యపు గాలి ఆ తెరిచిన వైపు నుంచే లోపలికి వస్తుంది. గాలి అడ్డం లేకుండా నీటి మీద ఎంత దూరం నడిస్తే కెరటం అంత పెరుగుతుంది కనుక, ఆ రోజుల్లో గాలి వచ్చే వైపు ఒడ్డునే అంటిపెట్టుకుని ఉండాలి. ఇక్కడ లోతు తక్కువ కనుక పాటు సమయంలో పడవ బురదలో కూరుకుపోయి, మళ్లీ పోటు వచ్చేదాకా కదలకపోవచ్చు. ఇక తుపాను మాటే వేరు. 1839 నవంబరులో ఇక్కడికి దగ్గరలోని కోరంగి రేవును తుపాను ఉప్పెన ముంచెత్తింది. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు అఖాతం లోపల కూడా పడవ ఉండకూడదు.

అపోహ: తెల్లవారుజామున సముద్రం అద్దంలా ఉంటే రోజంతా అలాగే ఉంటుంది.

వాస్తవం: రాత్రి చల్లబడిన నేల మీదినుంచి సముద్రం వైపు వీచే గాలి ఒడ్డు పక్క నీటిని కదిలించదు, కాని పడవను మనకు తెలియకుండానే దూరం నెడుతుంది. ఎండెక్కాక సముద్రపు గాలి మొదలై మధ్యాహ్నానికి బలపడుతుంది. అందుకే మా శిక్షణ పది గంటలకే ముగిస్తాము.

అపోహ: వాన లేదంటే వాతావరణం అనుకూలమే.

వాస్తవం: హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చే సముద్ర సూచనలో కెరటాల ఎత్తు, దిశ, గాలి వేగం చూడాలి. ఎక్కడో దూరాన పుట్టిన పొడవాటి కెరటాలు ఇక్కడ ఆకు కదలని రోజున కూడా ఒడ్డు దగ్గర లేస్తాయి.

అపోహ: ప్రశాంతమైన నీటిలో చేపలుండవు.

వాస్తవం: పండుగప్పకు మడ అడవుల కాలువలు ఎంతో ఇష్టమైన చోట్లు. కాని 1978లో ఏర్పడిన కోరంగి అభయారణ్యం హద్దుల్లోకి అటవీ శాఖను అడగకుండా గాలం తీసుకుపోకూడదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఇంజిను పడవలకు సముద్రంలో వేట నిషేధం.

అపోహ: భయపడేవారు పడవకు పనికిరారు.

వాస్తవం: నేను చూసినంతలో లైఫ్ జాకెట్ తొడుక్కుని, గాలి మారగానే గాలం ఎత్తేసి వెనక్కి తిరిగేవారు వీరే. వారికి మొదటి రోజు ఒకటే నేర్పుతాను: బయలుదేరేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లండి, అప్పుడు ఇంజిను మొరాయించినా గాలే మిమ్మల్ని రేవు వైపు తీసుకువస్తుంది.