సిక్లిడ్లు కలిసిపోవడంపై అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ఇంటి మేడమీద ఆఫ్రికా సిక్లిడ్లు అనే రంగు చేపలు పెంచి పిల్లలు తీస్తుంటాను. చేపలు కొనడానికి వచ్చేవాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: వేరే జాతుల చేపలు జతకట్టి కలవవు. కలిసినా పుట్టినవాటికి కంచరగాడిదలా సంతానం ఉండదు.

దగ్గరి జాతుల సిక్లిడ్లు కలుస్తాయి, ఆ పిల్లలకూ పిల్లలు పుడతాయి. మొదట్లో నా ట్యాంకులో ఎల్లో ల్యాబ్ అనే పసుపు జాతి ఆడచేప ఒక్కటే మిగిలింది. తన జాతి మగచేప లేక రెడ్ జీబ్రా అనే నారింజ రంగు జాతి మగచేపతో కలిసింది. ఈ జాతుల్లో ఆడచేప గుడ్లను నోట్లోనే పెట్టుకుని పొదుగుతుంది. దవడ ఉబ్బి, మేత ముట్టకుండా మూలన నక్కితే గానీ నోట్లో గుడ్లున్నాయని నాకు తెలియలేదు. మూడు వారాలకు వదిలిన పిల్లలు పెరిగాక అటు పసుపూ కావు, ఇటు నారింజా కావు. ఒక్కటి కూడా అమ్మలేదు. బయటికి వెళ్తే ఎల్లో ల్యాబ్ పేరుతోనే చేతులు మారతాయి.

అపోహ: సరస్సులో జాతుల మధ్య గోడలాంటి అడ్డేదో ఉంటుంది, అందుకే అవి కలవవు.

ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో పుండమిలియా అనే సిక్లిడ్ జాతులు రెండు ఒకే రాళ్ల దగ్గర బతుకుతాయి. ఒకదాని మగచేప నీలం, రెండోదానిది ఎరుపు. రెండు జాతుల ఆడచేపలూ వెలిసిన రంగే. మగచేప రంగు చూసి జోడీని ఎంచుకునేది ఆడచేపే. నీలం జాతి పైనీళ్లలో, ఎరుపు జాతి ఇంకాస్త లోతున ఉంటాయి. లోతుకు వెళ్లేకొద్దీ అక్కడ నీలం వెలుగు తగ్గి ఎరుపు వెలుగు మిగులుతుంది, లోతు చేప కన్ను కూడా ఎరుపునే బాగా పట్టుకుంటుంది. నాకు ఈ చేపల మీద ప్రేమ పుట్టింది ఇది తెలిశాకే.

బీసెంట్ రోడ్డులో చీర కొనే ఆడవాళ్లు షాపు లైటును నమ్మరు, గుమ్మం దాకా తెచ్చి ఎండలో రంగు చూస్తారు. ఆడచేపకు ఆ వీలు లేదు. ప్రయోగశాలలో నారింజ వెలుగు కింద ఉంచితే ఎరుపు, నీలం తేడా తెలియక తన జాతి మగచేపను ఎంచుకోలేకపోయింది.

అపోహ: నీళ్లు మసకబారితే చేపలు చస్తాయేమో గానీ, జాతికేం కాదు.

వరదప్పుడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో చెయ్యి ముంచండి, మన వేళ్లు మనకే కనిపించవు. అంత కాకపోయినా, విక్టోరియాలో పొలాల ఎరువులు, మురుగు చేరి నాచు పెరిగి నీళ్లు మసకబారాయి. అలాంటిచోట మగచేపల రంగులు వెలిసి, జాతులు తగ్గాయని శాస్త్రవేత్త ఓలే సీహౌసెన్, సహచరులు 1997లో సైన్స్ పత్రికలో రాశారు. చేపలు బతికే ఉంటాయి, గుడ్లూ పెడతాయి, రెండు జాతులు మాత్రం ఒకటైపోతాయి.

అపోహ: నుదుట బుడిపె ఉండే అక్వేరియం చేప ఫ్లవర్‌హార్న్ ఒక అడవి జాతి.

కాదు. మలేసియాలో 1990ల్లో మనుషులు రకరకాల సిక్లిడ్లను కలిపి తీసిన చేప.

ఇంట్లో పెంచేవాళ్లు ఒక మగచేపకు అదే జాతి ఆడచేపలు నాలుగైనా పెట్టండి, తెల్ల లైటు వాడండి. కలగలుపు ట్యాంకులో పుట్టిన పిల్లలను జాతి పేరు పెట్టి అమ్మకండి, ఏలూరు కాలువలో అసలే వదలకండి.