విడుపు ఎన్నింటికి? చెన్నపట్నంలో గ్రహణం లెక్కల కథ

2025 సెప్టెంబర్ 7 రాత్రి చెన్నైలో మా మేడ మీద పిల్లలు మబ్బుల సందుల్లో ఎర్రబారిన చంద్రుణ్ని వెతుక్కుంటున్నారు. కింద అమ్మ ఆవకాయ జాడీ మీద దర్భపోచ వేసి, పంచాంగం ముందు పెట్టుకుని కూర్చుంది. ఆమెకు కావలసింది ఒక్కటే: విడుపు స్నానం ఎన్నింటికి? స్పర్శ (పట్టు) 9:57, నిమీలనం (చంద్రుడు పూర్తిగా నీడలో మునగడం) 11:00, ఉన్మీలనం (మళ్లీ బయటపడడం మొదలు) 12:22, మోక్షం (విడుపు) 1:26. ఫోన్లోనూ పంచాంగంలోనూ ఒకటే మాట. ఒకప్పుడు ఈ తీరంలో మాట ఇంత సులువుగా కలిసేది కాదు.

సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడం చూడాలని పాండిచ్చేరి వచ్చిన ఫ్రెంచి ఖగోళవేత్త లె జాంటీకి 1769లో మబ్బులు అడ్డుపడ్డాయి. తమిళ పంచాంగ గణితం మాత్రం నేర్చుకున్నాడు. 1765 ఆగస్టు 30 నాటి చంద్రగ్రహణం నిడివి ఆ లెక్కలో అసలుకన్నా 41 సెకన్లు తగ్గింది. ఐరోపా పట్టికల్లో 68 సెకన్లు పెరిగింది.

తర్వాత 1825లో, అంతకుముందు మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన జాన్ వారెన్‌కు అదే పాండిచ్చేరిలో ఒక పంచాంగకర్త గ్రహణం గణించి చూపించాడు. కాగితం లేదు, కలం లేదు. నేల మీద గవ్వలు, నోటికొచ్చిన పట్టికలు. అంతే. మే 31 రాత్రి పట్టు 4 నిమిషాల తేడాతో దొరికింది. విడుపు మాత్రం 52 నిమిషాలు తప్పింది! పాత సంఖ్యల్ని మళ్లీ ఆకాశంతో సరిచూసుకోకపోతే తేడా అలా పేరుకుంటుంది.

సరిచూసుకోవలసిందేనని పట్టుబట్టినవాడు చింతామణి రఘునాథాచారి. నుంగంబాకంలో 1792లో కట్టిన ఆ అబ్జర్వేటరీలోనే ఉద్యోగం. వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఆర్ రెటిక్యులీ నక్షత్రాన్ని 1867లో పట్టుకున్నాడు. మరుసటి ఏడు సంపూర్ణ సూర్యగ్రహణం కోసం మన వనపర్తి వెళ్లాడు. కంటికి కనబడేదానితో సరిపోయే దృగ్గణిత పంచాంగమే కావాలని ఆయన వాదన. దృక్కు అంటే చూపే కదా. నాకు విడ్డూరంగా తోచేది ఇదే: గ్రహణం చూడకూడదని తలుపులు వేసుకునే ఇళ్లకు సరైన వేళ చెప్పడానికి ఎవరో ఒకరు రాత్రంతా చూస్తూ కూర్చోవలసి వచ్చింది.

అబ్జర్వేటరీ తాలూకు రాతి స్తంభం నుంగంబాకం వాతావరణ కేంద్రం ఆవరణలో ఇప్పటికీ ఉంది. దాని మీది శాసనం తెలుగులోనూ చెక్కారు.

2028 డిసెంబర్ 31 రాత్రి మనకు మళ్లీ నిండు గ్రహణం కనబడుతుంది. మోక్షం సరిగ్గా కొత్త సంవత్సరం మొదలైన కొద్ది నిమిషాలకు. కేకు ముందా, స్నానం ముందా అని మా ఇంట్లో తగువు ఇప్పుడే మొదలైంది.