పిల్లి లిట్టర్ బాక్స్ మానేస్తే

నిన్నటిదాకా బుద్ధిగా లిట్టర్ బాక్స్‌లోకి (పిల్లి మలమూత్రాల కోసం లిట్టర్ అనే మట్టి గుళికలు పోసి ఇంట్లో పెట్టే డబ్బా) వెళ్లొచ్చిన పిల్లి ఇవాళ పరుపు మీద మూత్రం పోసింది. ఇంట్లోవాళ్లకు మొదట తోచేది ఒకటే: నిన్న కసిరాం కదా, కక్ష తీర్చుకుంటోంది. ఆ అనుమానంలో పస లేదు. దాని మూత్రం మనకు కంపు గానీ దానికి కాదు. దాంతో మనల్ని ఏడిపించవచ్చన్న ఆలోచన ఆ బుర్రలోకి వచ్చే దారే లేదు. కొట్టినా, ముక్కు పట్టి తడిలో రుద్దినా అది నేర్చుకునేది మనుషులు చూస్తుండగా పోయకూడదని మాత్రమే. ఆ తర్వాత మంచం కింద, బీరువా వెనక, మన కంటపడని చోట కానిస్తుంది. మన పని ఇంకా కష్టమవుతుంది.

తడి కనబడగానే గుడ్డ పట్టుకుని పరుగెత్తకుండా ఒక్క నిమిషం ఆగి చూడాలి. ఎంత పోసింది? నేల మీదా, గోడ మీదా? బాక్స్‌కు ఎంత దూరంలో? సగం సమాధానం ఆ మరకలోనే ఉంటుంది.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లి రోజుకు 2 నుంచి 4 సార్లు మూత్రం పోస్తుంది, సాధారణంగా ఒకసారి మలవిసర్జన చేస్తుంది. కిలో బరువుకు రోజుకు 20 నుంచి 40 మిల్లీలీటర్ల లెక్కన 4 కిలోల పిల్లికి 80 నుంచి 160 మిల్లీలీటర్ల మూత్రం. గడ్డకట్టే రకం లిట్టర్ వాడితే ఈ లెక్క కంటికే కనబడుతుంది. రోజూ ఇంచుమించు ఒకే సైజులో రెండు మూడు ఉండలు వచ్చే చోట గోలీకాయలంత ఉండలు పది తేలితే మూత్రాశయం మండుతోందని అర్థం. ఉండలు ఉన్నట్టుండి పెద్దవైపోయి, నీళ్ల గిన్నె త్వరగా ఖాళీ అవుతుంటే మూత్రపిండాల జబ్బు, మధుమేహం, థైరాయిడ్ ఎక్కువ కావడం అనే మూడింటినీ అనుమానించాలి. అందుకే లిట్టర్ మార్చడానికి ముందు వెటర్నరీ డాక్టరు దగ్గరికి వెళ్లి మూత్ర పరీక్ష చేయించాలి. వయసు మళ్లిన పిల్లికి రక్తపరీక్ష కూడా కావాలి.

ఒక్క పరిస్థితిలో మాత్రం రేపటిదాకా ఆగకూడదు. మగ పిల్లి మాటిమాటికీ బాక్స్‌లోకి వెళ్లి ముక్కుతూ కూర్చుని, చుక్క కూడా రాకుండా లేచి వస్తోందంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. మగ పిల్లికి ఆ నాళం చివర చాలా సన్నం. స్ఫటికాలు, జిగురు కలిసిన చిన్న బిరడా చాలు దాన్ని మూసేయడానికి. మూత్రం బయటికి పోకపోతే రక్తంలో పొటాషియం పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది. రెండు మూడు రోజుల్లో ప్రాణమే పోవచ్చు. చాలామంది దీన్ని మలబద్ధకం అనుకుని ఆలస్యం చేస్తారు. అర్ధరాత్రయినా సరే బయల్దేరాలి.

మూత్రాశయ సమస్యతో వచ్చే పడుచు, నడివయసు పిల్లుల్లో సగానికి పైగా పరీక్షల్లో సూక్ష్మజీవులూ దొరకవు, రాళ్లూ దొరకవు. ఒత్తిడి వల్ల మూత్రాశయం లోపలి పొర వాచే ఈ స్థితికి యాంటీబయాటిక్ పనిచేయదు. నీళ్లు ఎక్కువ తాగించడం, తడి ఆహారం పెట్టడం, దాక్కోవడానికీ ఎక్కడానికీ చోట్లు ఇవ్వడం, రోజువారీ వేళలు తప్పకపోవడం ఇక్కడ మందు. ఇంకో చిక్కు కూడా ఉంది. నొప్పి వచ్చినప్పుడు పిల్లి ఉన్నది బాక్స్‌లో. కాబట్టి నొప్పికి కారణం ఆ బాక్సేనని దాని లెక్క. జబ్బు తగ్గాక కూడా ఆ భయం ఉండిపోతుంది. మందులు వాడాం, పరీక్షలన్నీ బాగున్నాయి, అయినా బయటే పోస్తోందంటే కారణం చాలాసార్లు ఇదే. అలాంటప్పుడు వేరే ఆకారంలో కొత్త బాక్స్, వేరే లిట్టర్, వేరే చోటు ఇస్తే పాత జ్ఞాపకం అడ్డు రాదు. మలం బాక్స్ పక్కనే, అంగుళాల దూరంలో పడుతుంటే మలబద్ధకాన్నో, కీళ్లనొప్పినో అనుమానించాలి. పిల్లి రావడానికి బాక్స్ దాకా వచ్చింది. గట్టు దాటలేకపోయింది, లేదా ముక్కుతూ ముక్కుతూ బయటికి వచ్చేసింది.

మరక నిలువుగా, గోడ మీదనో సోఫా వెనకనో, పిల్లి తోక ఎత్తులో ఉంటే అది వేరే సంగతి. అప్పుడు పిల్లి కూర్చోదు. నిలబడి, తోక నిటారుగా లేపి వణికిస్తూ, వెనక కాళ్లు తొక్కుతూ కాస్త చిమ్ముతుంది. ఇది కాలకృత్యం కాదు, సరిహద్దు గుర్తు. బాక్స్‌ను ఎంత తోమినా ఇది ఆగదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని పిల్లయితే ముందు అది చేయించాలి. మగ పిల్లుల్లో చాలావాటికి దాంతో చిమ్మడం బాగా తగ్గిపోతుంది. అయినా చిన్నప్పుడే ఆపరేషన్ అయిన మగవాటిలో దాదాపు పదింట ఒకటి, ఆడవాటిలో ఇరవైకి ఒకటి చిమ్ముతూనే ఉంటాయి. మరకలు కిటికీల దగ్గర, వీధి తలుపు దగ్గర ఉంటే బయట తిరిగే పిల్లి కనబడుతోందన్నమాట. కిటికీ కింది సగానికి కాగితం అంటించి చూడండి. ఇవేవీ కుదరనప్పుడు ఫ్లువోక్సెటిన్ లాంటి మందులున్నాయి. అవి డాక్టరు రాసిస్తేనే వాడాలి, వారాల తరబడి వాడాలి, ఉన్నట్టుండి ఆపకూడదు.

ఒంట్లో తేడా లేదు, చిమ్మడమూ కాదు అని తేలితే ఇక బాక్స్ సంగతి చూడాలి. ఇంటి పిల్లికి మూలపురుషుడు ఆఫ్రికా అడవిపిల్లి. వదులుగా ఉండే పొడి నేలలో గుంట తవ్వి, పని ముగించి, కప్పెట్టడం ఆ వంశం అలవాటు. 1947కు ముందు ఇళ్లలో పిల్లులకు ఇసుకో బూడిదో పోసేవారు. బూడిద అడుగులు ఇల్లంతా పడేవి. ఆ ఏడాది అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఎడ్ లోవ్ అనే ఆయన ఇసుక అడిగిన పొరుగావిడకు నూనె మరకలు పీల్చే మట్టి గుళికలు ఇచ్చాడు. అది ఫుల్లర్స్ ఎర్త్, ముల్తానీ మట్టి జాతిది. అలా లిట్టర్ వ్యాపారం పుట్టింది. బెంటొనైట్ మట్టితో చేసిన గడ్డకట్టే రకం 1980లలో వచ్చింది. ఆ మట్టి పొరల మధ్య సోడియం ఉంటుంది. తడి తగలగానే పొరలు నీళ్లు పీల్చి ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని ఉండవుతాయి. తడి అడుగుదాకా జారదు, ఆ ఉండ తీసేస్తే మిగతాది పొడిగానే ఉంటుంది.

పిల్లుల్లో ఎక్కువవాటికి నచ్చేది సన్నటి, వాసన లేని, గడ్డకట్టే మట్టి రకమే. పువ్వుల పరిమళం కలిపిన లిట్టర్ అమ్ముడుపోయేది కొనే మనిషి ముక్కు కోసం. గోళ్లు తీసేసిన పిల్లికి, పాదాలు సున్నితమైన పిల్లికి పెద్ద గుళికలు గుచ్చుకుంటాయి. రెండు నెలలు నిండని కూనలు నోట్లో పెట్టుకుంటాయి కాబట్టి వాటికి గడ్డకట్టే రకం వద్దు. లోతు 5 సెంటీమీటర్లు ఉంటే చాలు.

నచ్చిందో లేదో పిల్లి ఒళ్లే చెబుతుంది. నచ్చితే బాక్స్‌లోకి దిగి, వాసన చూసి, ముందు కాళ్లతో గుంట తీస్తుంది. తిరిగి కూర్చుంటుంది, తర్వాత వెనక్కి తిరిగి చూసి మట్టి కప్పుతుంది. నచ్చకపోతే తవ్వదు. మట్టి తగలకుండా నాలుగు కాళ్లూ గట్టు మీద పెట్టి ఒడుపుగా నిలబడుతుంది (గోడమీద పిల్లి అంటే అక్షరాలా ఇదే). పని కాగానే ఒక్క గెంతు గెంతి, పాదాలు విదిలించి, మట్టికి బదులు బాక్స్ గోడనో బయటి నేలనో గీకి వెళ్లిపోతుంది. ఈ దశలోనే సమస్యను కనిపెడితే సరిచేయడం చాలా సులభం. అప్పటికింకా అది బాక్స్‌ను పూర్తిగా మానేయలేదు.

సైజు విషయంలో పొరపాటు ఎక్కువ. ముక్కు నుంచి తోక మొదలు దాకా పిల్లి పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్లు బాక్స్ పొడవు ఉండాలి. 46 సెంటీమీటర్ల పిల్లికి 70 సెంటీమీటర్లన్నమాట. లిట్టర్ బాక్స్ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు ఇంతకు చిన్నవే. బట్టలు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా కొని, ఒక పక్క 10 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే మిగిలేలా దారి కోసి, అంచును ఉప్పుకాగితంతో నున్నగా రుద్దితే ఇంతకన్నా మంచి బాక్స్ లేదు. ముసలి పిల్లికయితే ఆ దారి 5 సెంటీమీటర్ల ఎత్తు చాలు. మూత ఉన్నా శుభ్రంగా ఉంటే చాలా పిల్లులు పట్టించుకోవు. కానీ మూత ఉంటే వాసన లోపలే నిలుస్తుంది, మనమేమో శుభ్రం చేయడం మరిచిపోతాం. కాబట్టి అనుమానం ఉన్నప్పుడు రెండు వారాలు మూత తీసి చూడాలి. అడుగున పరిచే ప్లాస్టిక్ కవరు గోళ్లకు తగులుకుంటుంది. అది తీసేయడమే మేలు.

రోజుకు రెండుసార్లు, కనీసం ఒకసారి ఉండలు తీయాలి. గడ్డకట్టే లిట్టర్‌ను రెండు నుంచి నాలుగు వారాలకోసారి పూర్తిగా పారబోసి, వాసన లేని సబ్బునీళ్లతో బాక్స్ కడగాలి. గీతలు పడిన ప్లాస్టిక్ వాసనను పట్టుకుంటుంది కాబట్టి ఏడాదికోసారి బాక్స్‌నే మార్చాలి. రోజూ మలం తీసేయడంలో మనుషులకూ లాభముంది: టాక్సోప్లాస్మా పరాన్నజీవి గుడ్లు మలంలో బయటపడ్డాక అంటుకునే దశకు చేరడానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది. గర్భిణులు ఈ పని వేరేవాళ్లకు అప్పగించాలి.

చోటు సంగతి. వాషింగ్ మెషీన్ పక్కన పెట్టిన బాక్స్ బాగానే పనిచేస్తుంది, పిల్లి లోపల ఉండగా మెషీన్ దడదడలాడేదాకా. తిండి గిన్నె పక్కనా వద్దు, ఒకే దారి ఉన్న మూలలోనూ వద్దు. రెండు పిల్లులున్న ఇంట్లో ఆ ఒక్క దారిలో ఒకటి కాపు కాస్తే రెండోది పరుపు వెతుక్కుంటుంది. పిల్లులెన్ని ఉంటే అన్ని బాక్సులు, పైన ఇంకొకటి అనే లెక్క ఇందుకే. ఒకే గదిలో వరసగా పెట్టిన మూడు బాక్సులు కాపు కాసే పిల్లికి ఒక్కటే. వేరే గదుల్లో, మేడ ఉంటే అంతస్తుకొకటి పెట్టాలి. ఏ పిల్లి పోస్తోందో తెలియకపోతే డాక్టరు ఫ్లోరెసీన్ రంగు ఇస్తారు. అది తిన్న పిల్లి మూత్రం ఒక రోజుపాటు అతినీలలోహిత టార్చి వెలుగులో మెరుస్తుంది.

ఏది నచ్చుతుందో ఊహించడం కన్నా పిల్లినే అడగడం మంచిది. ఒకే రకం బాక్సులు రెండు పక్కపక్కనే పెట్టి, ఒక్క తేడా మాత్రం ఉంచండి: లిట్టరో, లోతో, మూతో. పది రోజులు ఉండలు లెక్కపెట్టండి. ఐదో రోజున రెండింటి చోట్లు మార్చండి, లేకపోతే మీరు కొలిచేది లిట్టర్ ఇష్టాన్ని కాదు, మూల ఇష్టాన్ని. మెత్తటి బట్టలే ఎంచుకునే పిల్లికి ఖాళీ బాక్స్‌లో పాత తువ్వాలు పరిచి, రోజుకో గరిటెడు లిట్టర్ చల్లుతూ పోవచ్చు. స్నానాల గది నున్నటి నేలే కావాలనే పిల్లికి దాదాపు ఖాళీ బాక్స్ పెట్టి, ఒక చివర మాత్రం కాస్త మట్టి పోయాలి.

ఈలోగా పాత మరక వాసన పోవాలి. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. పిల్లి మూత్రంలో ఫెలినైన్ అనే అమైనో ఆమ్లం కూడా ఉంటుంది. దానికి తనంతట వాసన లేదు. నెమ్మదిగా విడిపోయి గంధకం ఉన్న ఘాటు పదార్థాలవుతుంది. తుడిచిన రోజు రాని కంపు తర్వాత వచ్చేది ఇందుకే. అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడితే మూత్రం వాసనకు మనమే వాసన జోడించినట్టు. బ్లీచ్ అసలే వద్దు, మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఊపిరి తీయనివ్వని క్లోరమిన్ వాయువులు పుడతాయి. ఫినాయిల్ పిల్లికి విషం, ఫినాల్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమ్ దాని కాలేయంలో సరిపడా ఉండదు. తడిని రుద్దకుండా గుడ్డతో అద్ది పీల్చి, మూత్రాన్ని విడగొట్టే ఎంజైమ్‌లున్న క్లీనర్‌ను మూత్రం ఎంత లోతుకు ఇంకిందో అంత లోతుకు పోయాలి. సీసా మీద రాసినంతసేపు తడిగా వదిలేయాలి. పైపైన చిలకరిస్తే పరుపు లోపలి దూది అలాగే ఉంటుంది, పిల్లి ముక్కుకు అది తెలుస్తుంది. ఆరేదాకా ఆ గది తలుపు మూసి ఉంచండి.

ఇన్ని చేసినా అలవాటు వదలకపోతే పిల్లిని రెండు వారాలు చిన్న గదిలో ఉంచాలి: ఒక మూల బాక్స్, ఎదురు మూల తిండి, నీళ్లు, పడక. రోజుకు నాలుగైదు సార్లు వెళ్లి ఆడించాలి, ఇది జైలు కాకూడదు. భయంతో అరిచి తలుపు గీకే పిల్లికి ఈ పద్ధతి పనికిరాదు. వరసగా పది రోజులు తప్పులేకుండా గడిస్తే ఒక్కో గదీ తెరవాలి. ఆ తర్వాత బాక్స్‌ను మనకు వీలైన చోటికి జరపాలనుకుంటే రోజుకు బెత్తెడు కన్నా ఎక్కువ వద్దు. మధ్యలో ఒక్కసారి బయట పోసిందంటే కిందటి చోటికి వెనక్కి జరిపి, నాలుగు రోజులు అక్కడే ఉంచి, మళ్లీ మొదలుపెట్టాలి.