పిల్లి చర్మం కింద పటికబెల్లం

"మా పిల్లికి తొమ్మిదేళ్లు. షుగరు ఉందని పశువుల డాక్టరు గారు చెప్పారు. మనుషుల మందుల షాపులో దొరికే గ్లార్జిన్ ఇన్సులిన్‌నే తెచ్చి, పూటకు ఒక యూనిట్ చొప్పున రెండు పూటలా వేయమన్నారు. మా నాన్నగారు అదే మందు రోజుకు ఒక్కసారి వేసుకుంటారు. అంత మనిషికి ఒక్కసారి సరిపోయినది నాలుగు కిలోల పిల్లికి రెండుసార్లు ఎందుకండీ? ఎక్కడైనా పొరపాటు జరిగిందా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

పొరపాటేమీ లేదు. ఆమె డాక్టరు గారు చెప్పింది చాలామంది పశువైద్యులు చెప్పేదే. నేను రసాయనశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, వైద్యుణ్ణి కాను. ఎన్ని యూనిట్లు వేయాలో నిర్ణయించడం డాక్టరు గారి పని. ఆ ఒక్క యూనిట్ చర్మం కిందికి వెళ్లాక ఏమవుతుందో మాత్రం నేను చెప్పగలను. పాఠకురాలు ఒక వాక్యంలో జవాబు ఆశించి ఉంటారు. నాకు ఒక వాక్యంతో ఆగడం చేతకాదు.

మధుమేహం అంటే ఏమిటో తెలుగువారికి చెప్పడం చేపకు ఈత నేర్పడమే కాబట్టి దాన్ని వదిలేస్తాను. పిల్లులకు ఎక్కువగా వచ్చేది మన టైప్ 2 మధుమేహం వంటిదే. పోలిక పైపైది కూడా కాదు. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలే అమైలిన్ అనే మరో చిన్న ప్రొటీన్‌ను కూడా విడుదల చేస్తాయి. మనిషిలోనూ పిల్లిలోనూ ఈ అమైలిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని, పోగులు పోగులుగా పేరుకుని, ఆ కణాలను దెబ్బతీస్తాయి. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఎలుక అమైలిన్ అలా అతుక్కోదు, దాని గొలుసులో కీలకమైన చోట్ల ప్రొలీన్ అనే అమైనో ఆమ్లం అడ్డుగా ఉంటుంది. ఈ విషయంలో పిల్లికి చుట్టరికం తాను వేటాడే ఎలుకతో లేదు, తనకు అన్నం పెట్టే మనతో ఉంది.

ఇక గ్లార్జిన్. దీన్ని అర్థం చేసుకోవడానికి ముందు వంటింట్లోకి వెళ్లాలి.

పాలలో నిమ్మరసం పిండితే పాలు విరుగుతాయి. పాలలోని కేసీన్ ప్రొటీన్ రేణువుల మీద రుణావేశం ఉంటుంది. అన్నీ ఒకే రకం ఆవేశంతో ఉన్నాయి కనుక ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా తేలుతుంటాయి. పులుపు పెరిగేకొద్దీ ఆ ఆవేశం తగ్గుతూ వస్తుంది. పులుపును కొలిచే అంకె పీహెచ్, పులుపు పెరిగితే ఆ అంకె తగ్గుతుంది. పీహెచ్ 4.6 దగ్గర ఆవేశం మొత్తం మీద సున్నా అవుతుంది. నెట్టుకునే శక్తి పోయాక రేణువులు గుంపుకట్టి ముద్దవుతాయి. తోడు వేసిన పాలు పెరుగయ్యేదీ ఈ కారణంగానే, అక్కడ పులుపును మనం పోయకుండా సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. ప్రతి ప్రొటీన్‌కూ ఇలా 'విరిగే' పీహెచ్ ఒకటుంటుంది. సమవిద్యుత్ బిందువు అని పాఠ్యపుస్తకంలో ఉంటుంది. పిల్లలు దాన్ని బట్టీపట్టి పరీక్షలో రాసి మరచిపోతారు. రోజూ ఇంట్లో పెరుగు తోడుకుంటున్నా ఆ పాఠానికీ ఆ గిన్నెకూ ఉన్న సంబంధాన్ని మా తరంలో ఏ మాస్టారూ చెప్పలేదు. నేను కూడా మొదటి పదేళ్లు చెప్పలేదని ఒప్పుకోవాలి.

మామూలు మానవ ఇన్సులిన్ విరిగే పీహెచ్ 5.4 దగ్గర ఉంటుంది. మన ఒంటి ద్రవాల పీహెచ్ 7.4. రెంటికీ దూరం ఎక్కువ కనుక మామూలు ఇన్సులిన్ చర్మం కింద కరిగే ఉంటుంది, త్వరగా రక్తంలో కలుస్తుంది, త్వరగా అయిపోతుంది. గ్లార్జిన్‌ను రూపొందించినవారు ఇన్సులిన్ అణువులోని రెండు గొలుసుల్లో బి-గొలుసు చివర ఆర్జినీన్ అనే అమైనో ఆమ్లాలు రెండు తగిలించారు. ఆర్జినీన్‌కు ధనావేశం ఉంటుంది. దాంతో విరిగే బిందువు 5.4 నుంచి 6.7కు జరిగింది. ఎ-గొలుసులో 21వ స్థానంలోని ఆస్పరాజీన్‌ను తీసి గ్లైసీన్ పెట్టారు. లేకపోతే ఆమ్ల ద్రావణంలో ఆ ఆస్పరాజీన్ చెడిపోయేది. సీసాలో పీహెచ్‌ను 4 దగ్గర ఉంచారు కాబట్టి మందు నీళ్లలా తేటగా ఉంటుంది. సూది చర్మం కిందికి దిగి, మందు ఒంటి ద్రవాల్లో కలిసిన వెంటనే పీహెచ్ పెరుగుతుంది, మందు విరుగుతుంది. కంటికి కనిపించనంత సన్నని రేణువుల ముద్ద ఒకటి అక్కడే ఏర్పడుతుంది.

ఆ ముద్దే నేను చెప్పే పటికబెల్లం ముక్క. చెంచాడు పంచదార నోట్లో వేసుకుంటే క్షణాల్లో కరుగుతుంది. అంతే తూకం పటికబెల్లాన్ని బుగ్గన పెట్టుకుంటే చాలాసేపు ఊరుతూ ఉంటుంది. పంచదారైనా పటికబెల్లమైనా పదార్థం ఒక్కటే, కరిగే వేగంలోనే తేడా. ఇన్సులిన్ ముద్దలో అణువులు ఆరేసి చొప్పున కట్టలు కట్టి ఉంటాయి. పైపొరలో ఉన్న కట్టలు విడిపోయి, జంటలుగా, ఒంటి అణువులుగా మారాకే సన్నని రక్తనాళాల గోడలు దాటగలవు. మధ్యలో ఉన్నవి తమ వంతు వచ్చేదాకా ఆగాల్సిందే.

పాఠకురాలి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. పటికబెల్లం ముక్క చిన్నదైతే త్వరగా అయిపోతుంది. మనుషుల్లో సైతం గ్లార్జిన్ మోతాదు తగ్గితే అది పనిచేసే కాలం తగ్గుతుంది. నాన్నగారి ముక్క దాదాపు 24 గంటలు ఊరితే, చాలా పిల్లుల్లో అది పది పన్నెండు గంటలకే పలచబడుతుంది. అందుకే రెండు పూటలు.

పోలికను ఇంకొంచెం చప్పరిద్దాం. ముక్క మొత్తం కరగకముందే సాయంత్రం మరో ముక్క పక్కన చేరుతుంది. కాబట్టి ఈరోజు పిల్లి రక్తంలో ఊరుతున్నది ఈరోజు వేసినది మాత్రమే అనుకోకూడదు. నిన్నటి అడుగు కూడా కొంత అందులో ఉంటుంది. మోతాదు మార్చాక దాని అసలు ఫలితం తేలడానికి దాదాపు వారం పడుతుంది. పొద్దున షుగరు ఎక్కువగా కనిపించిందని సాయంత్రం మోతాదు పెంచడం, మర్నాడు తగ్గిందని కోసేయడం కుదరదు. ఇంట్లో జరిగే తప్పుల్లో ఇది అన్నిటికన్నా సాధారణమైనది. పిల్లి మీద ప్రేమ ఎక్కువైనవాళ్లే దీన్ని ఎక్కువ చేస్తారు.

ఈ మందులో నీళ్లుగానీ మరో ఇన్సులిన్‌గానీ కలపకూడదు. పీహెచ్ మారితే ముక్క చర్మం కింద కట్టాల్సింది సీసాలోనే కడుతుంది. తేటగా ఉండాల్సిన మందు మబ్బుగా కనిపిస్తే పారేయాల్సిందే. నిజానికి తెల్లగానే ఉండే పాత రకం ఇన్సులిన్‌లు వేరే ఉన్నాయి, వాటిని అరచేతుల మధ్య దొర్లించి వాడతారు. రెంటినీ కలగలిపి గుర్తుపెట్టుకోవద్దు.

ఇప్పుడు త్రైరాశికం. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు రెండు బలాల్లో దొరుకుతాయి. పాత రకాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు, గ్లార్జిన్ 100 యూనిట్లు. సిరంజిలు కూడా రెండు రకాలు, సాధారణంగా 40 వాటికి ఎర్ర టోపీ, 100 వాటికి నారింజ రంగు టోపీ. ఎర్ర టోపీ సిరంజిలో '1' గీత దాకా లాగితే వచ్చేది మిల్లీలీటరులో నలభయ్యో వంతు. అందులోకి గ్లార్జిన్ తీసుకుంటే 100ను 40తో భాగించగా రెండున్నర యూనిట్లు! గీత ఒకటే చూపిస్తుంది, పిల్లి ఒంట్లోకి రెండున్నర రెట్లు పోతుంది. తొంభై కిలోల మనిషిని కూడా కంగారుపెట్టే పొరపాటు ఇది, నాలుగు కిలోల పిల్లి సంగతి వేరే చెప్పాలా? టోపీ రంగును నమ్ముకోకుండా సిరంజి మీద అంకెను సీసా మీద అంకెతో సరిచూడాలి. ఒక యూనిట్ గ్లార్జిన్ అంటే మిల్లీలీటరులో నూరో వంతు, నీటిబొట్టులో ఐదో వంతు. గాలి బుడగ ఒకటి చేరినా మోతాదు తారుమారు. అరయూనిట్ గీతలున్న 0.3 మిల్లీలీటరు సిరంజి దొరికితే పని తేలిక.

సూది వేస్తుంటే పిల్లి మెలికపడి, మందు లోపలికి వెళ్లిందో బొచ్చు మీద పడిందో తెలియకపోతే? ఆ చోట వాసన చూడండి. గ్లార్జిన్‌లో నిలవ కోసం మెటాక్రెసాల్ కలుపుతారు, గాయాలకు అంటించే పట్టీ వాసన వస్తుంది. వాసన వచ్చినా, రాకపోయినా, అనుమానంగా ఉన్నా రెండోసారి మాత్రం వేయకూడదు. ఒక పూట షుగరు పెరిగితే పెద్దగా ఏమీ కాదు, రెట్టింపు మోతాదు పడితే ప్రాణానికే ముప్పు. పిల్లి తిండి ముట్టకపోయినా, తిన్నది కక్కినా డాక్టరు గారిని అడగకుండా పూర్తి మోతాదు వేయరాదు.

షుగరు కొలవడం దగ్గర మరో రసాయన తమాషా ఉంది. ఆస్పత్రికి తీసుకెళ్తే పిల్లి భయపడుతుంది. ఆ భయానికే దాని రక్తంలో గ్లూకోజు 300 దాటవచ్చు, షుగరు జబ్బు లేని పిల్లికి కూడా. అందుకే ఇంట్లో, అది రోజూ పడుకునే గోనెపట్టా మీద, చెవి అంచున సన్నని నరం పక్కన సూదితో పొడిచి తీసిన బొట్టు ఎక్కువ నిజం చెబుతుంది. చెవిని ముందు గోరువెచ్చని గుడ్డతో కాస్త వెచ్చబెడితే బొట్టు సులువుగా వస్తుంది. పిల్లి మెడలో గంట ఎవరు కడతారన్న సామెత పుట్టించినవాడు ఈ పని చూసి ఉండడు. మూడో రోజుకు చాలా పిల్లులు ఆ సూది కన్నా దాని తర్వాత దొరికే ఉడికిన కోడిమాంసం ముక్కనే ఎక్కువగా గుర్తుపెట్టుకుంటాయి.

ఆ బొట్టును నాన్నగారి గ్లూకోమీటరులో పెట్టవచ్చా? పెట్టవచ్చు గానీ అంకెను తూచి చూడాలి. మనిషి రక్తంలోని గ్లూకోజులో దాదాపు 58 శాతం ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో, 42 శాతం ఎర్ర కణాల్లో ఉంటుంది. పిల్లి రక్తంలో 93 శాతం ప్లాస్మాలోనే, కణాల్లో 7 శాతమే. మనుషుల మీటరు మొదటి లెక్కను దృష్టిలో పెట్టుకుని తయారైంది. దాంతో పిల్లి విషయంలో అది తరచుగా అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. పిల్లుల కోసం ప్రత్యేకంగా చేసిన మీటర్లు ఉన్నాయి. ఏది వాడినా ఒకటే వాడాలి, ఏది వాడుతున్నారో డాక్టరుకు చెప్పాలి. ఇక్కడ ఒక్క అంకెకు విలువ తక్కువ, వరసకు విలువ ఎక్కువ. సూది వేసే ముందు ఒకసారి, ఆ తర్వాత రెండేసి గంటలకు ఒకసారి పన్నెండు గంటలు కొలిచి గీత గీస్తే, మన పటికబెల్లం ఎప్పుడు జోరుగా ఊరుతోందో కళ్లకు కడుతుంది. అన్నిటికన్నా కింది అంకె 80కి దిగకుండా, 150 దాటకుండా ఉంటే మంచిదని సాధారణంగా లెక్క.

చీమలు పట్టాయా లేదా అని చూసే పాత పరీక్ష గురించి కూడా అడిగారు. మధుమేహి మూత్రానికి చీమలు చేరతాయని మన ప్రాచీన వైద్యులు గమనించిన మాట నిజం. అయితే పిల్లి మూత్రపిండాలు గట్టి పిసినారివి. మనిషిలో 180 దాటితే గ్లూకోజు మూత్రంలోకి జారుతుంది, పిల్లిలో 250 నుంచి 300 మధ్యకు వెళితేగానీ జారదు. చీమలు రాలేదంటే షుగరు అదుపులో ఉందని అర్థం కాదు. కాకరకాయ రసం గురించి అడిగినవారికి ఒకటే చెబుతాను, ముందు ఆ పిల్లిని పట్టుకుని తాగించి చూపించండి.

తిండి విషయం క్లుప్తంగా చెబుతాను. పిల్లి కాలేయంలో గ్లూకోజును చప్పున పట్టి దాచే గ్లూకోకైనేజ్ ఎంజైము చర్య చాలా తక్కువ. తీపిని గుర్తించే గ్రాహకానికి చెందిన ఒక జన్యువు పిల్లి జాతిలో చెడిపోయి ఉంది, దానికి తీపే తెలియదు. మన ఇళ్లలో ప్రేమగా కలిపి పెట్టే పెరుగన్నంలో అది వెతుక్కునేది పెరుగును, మనం దాని ఒంట్లోకి దించేది అన్నాన్ని. బస్తాల్లో వచ్చే గింజల మేతకూ పిండి తప్పదు, పిండి లేనిదే గింజ గింజగా నిలవదు. మాంసం వంతు పెంచి పిండి తగ్గిస్తే మంచిదే. అయితే ఇన్సులిన్ వేస్తూ ఉన్నట్టుండి తిండి మార్చితే షుగరు దభాలున పడిపోతుంది. రెండూ డాక్టరు గారితో మాట్లాడి ఒకేసారి సర్దుకోవాలి.

"ఇన్సులిన్ మొదలుపెడితే ఇక చచ్చేదాకా" అన్న మాట మనవాళ్లలో పాతుకుపోయింది. పిల్లులు దాన్ని అబద్ధం చేసి చూపిస్తాయి. ఎక్కువ గ్లూకోజే బీటా కణాలను మూగబోయేలా చేస్తుంది. కొన్ని వారాలు షుగరు అదుపులో ఉంటే బతికున్న కణాలు తేరుకుంటాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో జరిగిన, 2009లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో కొత్తగా జబ్బు బయటపడ్డ 24 పిల్లులకు పిండి తక్కువ తిండి పెడుతూ మూడు రకాల ఇన్సులిన్ ఇచ్చారు. గ్లార్జిన్ ఇచ్చిన ఎనిమిదింటికి ఎనిమిదీ ఇన్సులిన్ అవసరం లేని స్థితికి వచ్చాయి. మిగతా రెండు రకాల్లో ఎనిమిదింటికి మూడు, ఎనిమిదింటికి రెండు. చిన్న ప్రయోగం, ప్రతి పిల్లికీ ఇలాగే జరుగుతుందని దీన్ని చూసి చెప్పలేం. అయినా చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

చిక్కు ఎక్కడంటే, పిల్లి బాగుపడుతున్నప్పుడే ప్రమాదం ఎక్కువ. క్లోమం మళ్లీ సొంత ఇన్సులిన్ వదలడం మొదలుపెడితే, పోయిన నెల సరిపోయిన ఒక్క యూనిట్ ఈ నెల ఎక్కువైపోతుంది. షుగరు 60 కన్నా తగ్గి, పిల్లి తూలుతున్నా, నీరసించి పడిపోయినా, ఫిట్స్ వచ్చినా డాక్టరుకు ఫోను చేస్తూనే గ్లూకోజు నీళ్లుగానీ తేనెగానీ చిగుళ్లకు రుద్దాలి. మింగలేని పిల్లి నోట్లో పోయకూడదు. తినగలిగితే తిండి పెట్టాలి. పావుగంటలో అది లేచి కూర్చుంటే గండం గడిచిందనుకుంటారు. మీరు రుద్దిన తేనె పావుగంటది. చర్మం కింద ముక్క మాత్రం ఇంకా కరుగుతూనే ఉంది, గంటల తరబడి కరుగుతుంది. కాబట్టి మీటరును చేతికి అందేలా పెట్టుకుని, మళ్లీ మళ్లీ కొలుస్తూ పిల్లిని ఆస్పత్రికి తీసుకెళ్లండి.